కన్సల్టెన్సీయా? తెలిసినవాళ్ళా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. కథలు, కవితలు రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నాకు చేతనైంది ప్రోగ్రాములు రాయడం ఒక్కటే. అందుకే, ఏడాదిగా నాకు వస్తున్న ఫోన్లనే విషయంగా తీసుకున్నాను. "అన్నా, కోర్సు అయిపోయింది. పర్మనెంటు ఉద్యోగం దొరకడం లేదు. కాంట్రాక్టు పనైనా, ఫ్రీలాన్స్ పనైనా చేస్తాను. కన్సల్టెన్సీలకు రెజ్యూమె ఇవ్వమంటావా, తెలిసినవాళ్ళను పట్టుకోమంటావా?" అడిగే గొంతులు వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేల్చే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను 2009 నుంచి ఈ రకం పనిలోనే ఉన్నాను. మూడు నెలలు ఒకచోట, ఆరు నెలలు ఇంకోచోట. పని పూర్తయితే లెక్క తేల్చుకుని బయటికి వచ్చేయాలి. మళ్ళీ పని వెతుక్కోవాలి. పని చేయడం ఎంత పనో, పని వెతుక్కోవడం కూడా అంతే పని. ఈ రెండోదాన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలోనూ నేర్పరు.

కన్సల్టెన్సీ తలుపు

కర్నూలులో మన హాస్టల్‌లో ఉండి డిగ్రీ, తర్వాత ఎంసీఏ చదివాను. 2004లో అమీర్‌పేటలో డాట్ నెట్ నేర్చుకుని, మరుసటి ఏడాది ఒక చిన్న కంపెనీలో చేరాను. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది. దాని దెబ్బ హైదరాబాదులో మా గదిదాకా రావడానికి ఆరు నెలలు కూడా పట్టలేదు. 2009 మొదట్లో మా కంపెనీ పద్నాలుగు మందిని ఒకేరోజు ఇంటికి పంపింది. అందులో నేనొకణ్ణి.

హైదరాబాదులో నాకు తెలిసినవాళ్ళంటే నాలాంటి నిరుద్యోగులే. దాంతో కన్సల్టెన్సీల చుట్టూ తిరిగాను. వాళ్ళ పని ఎలా నడుస్తుందో తమ్ముళ్ళు ముందే తెలుసుకోవడం మంచిది. ఒక పెద్ద కంపెనీకి నలుగురు ప్రోగ్రామర్లు ఆరు నెలలకు కావాలి. ఆ అవసరాన్ని ఐదారు కన్సల్టెన్సీలకు ఒకేసారి పంపుతుంది. అక్కడ కూర్చున్న రిక్రూటర్ తన దగ్గరున్న వేల రెజ్యూమెల్లో కావలసిన మాటల కోసం వెతుకుతాడు. ఆ మాటలు మన రెజ్యూమెలో ఉంటే ఫోన్ వస్తుంది, లేకపోతే రాదు. ఫోన్ చేసినా అడిగేది మూడే: ఇప్పుడెంత తీసుకుంటున్నారు, ఎంత కావాలి, ఎప్పుడు చేరగలరు.

మొదట్లో ఈ పద్ధతి నాకు మొరటుగా అనిపించింది. మనిషితో కాదు, మాటల జాబితాతో మాట్లాడుతున్నట్టుండేది. కానీ ఒక సంగతి గమనించాను. ఆ రిక్రూటర్లలో ఒక్కరు కూడా నన్ను మీదే ఊరు, మీ నాయన ఏం చేస్తాడు అని అడగలేదు. సీటు నిండితే వాళ్ళకు డబ్బు, నిండకపోతే లేదు. వాళ్ళు దేవుళ్ళని నేను చెప్పను. వాళ్ళ కమీషను వాళ్ళను మన నైపుణ్యం మీదికి చూపు తిప్పేలా చేస్తుంది, అంతే.

ఇది చిన్న విషయం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు పేర్లతో పంపి చూశారు. ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. అగ్రకులాన్ని సూచించే పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. అంటే చదువు సమానమైనా గేటు దగ్గర పేరు అడ్డం పడుతోంది. అలాంటిచోట మన రెజ్యూమెను తీసుకెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టే మనిషికి, అతను ఎవరైనా సరే, ఒక విలువ ఉంది.

ఆ విలువకు ఎంత చెల్లిస్తున్నాం?

నా మొదటి కాంట్రాక్టుకు కన్సల్టెన్సీ నెలకు 38 వేలు ఇచ్చింది. ఆరు నెలల తర్వాత గడువు పొడిగించేటప్పుడు క్లయింటు మేనేజరు మాటల్లో మాటగా "మీకోసం మేము 70 వేలు కడుతున్నాం కదా" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

తర్వాత తీరిగ్గా లెక్క వేసుకున్నాను. ఆ 32 వేలూ ఒక్కరి జేబులోకి పోలేదు. క్లయింటుకూ మా కన్సల్టెన్సీకీ మధ్య ఇంకో పెద్ద వెండరు ఉన్నాడు. అతని వాటా అతను తీసుకున్నాడు. క్లయింటు రెండు నెలలకు డబ్బు ఇచ్చినా, మా కన్సల్టెన్సీ మాకు నెల నెలా ఇవ్వాలి. పీఎఫ్ కట్టాలి. ఇవన్నీ నిజమైన ఖర్చులే. అవి పోగా మిగిలింది లాభం. లాభం తీసుకోవద్దని ఎవరూ అనరు. మనకు తెలియకుండా తీసుకోవడం దగ్గరే వస్తుంది గొడవ.

కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు సంగతులు చూసుకోండి. మీకూ క్లయింటుకూ మధ్య ఇంకెవరైనా ఉన్నారా అని అడగండి. ఒక్కో అంచెకు ఒక్కో కోత ఉంటుంది. ఒకే క్లయింటుకు ఇద్దరి ద్వారా రెజ్యూమె పోనివ్వకండి. ఎవరి వాటా అన్న తగాదా ఎందుకని క్లయింటు ఇద్దరినీ పక్కన పెట్టేస్తాడు. క్లయింటు దగ్గర ఏడాదిదాకా నేరుగా చేరకూడదన్న షరతు ఉందేమో కాగితం మొత్తం చదివి సంతకం పెట్టండి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్ళకు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనేవాళ్ళకు, లేని అనుభవం రాసిపెడతామనేవాళ్ళకు దూరంగా జరగండి. అమ్మ తాకట్టు పెట్టిన కమ్మలు అలాంటివాళ్ళ చేతిలో పడితే మళ్ళీ ఇంటికి రావు.

నాకు కూడా 2012లో ఒక చిన్న కన్సల్టెన్సీ చివరి రెండు నెలల డబ్బు ఇవ్వలేదు. మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి వెళ్ళేసరికి ఆ గదికి వేరే బోర్డు ఉంది.

మన తెలుగువాళ్ళ ఈ కన్సల్టెన్సీ వ్యవహారం పుస్తకానికి ఎక్కిందని చాలామందికి తెలియదు. షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ మధ్య తిరిగి గ్లోబల్ బాడీ షాపింగ్ అనే పుస్తకం రాశాడు. అది 2007లో వచ్చింది. ఒక ఏజెంటు మనిషిని ఇంకో ఏజెంటుకు అందించడం, మధ్యలో అందరూ తలా కొంత తీసుకోవడం, పని లేనప్పుడు కుర్రాడు బెంచీ మీద ఖాళీగా ఎదురుచూడడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది చదువుతుంటే మా ఊరి సుగ్గి గుర్తొచ్చింది.

మా నాయన దారి

సుగ్గి అంటే మన పడమటి కర్నూలు పిల్లలకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. వానలు మోసం చేస్తే మా పక్క ఊళ్ళు ఊళ్ళే ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. నన్ను హాస్టల్‌లో వేసిందే అందుకు. లేకపోతే నేనూ మూటతోపాటు లారీ ఎక్కేవాణ్ణే. అక్కడ ఏ రైతుకు ఎంతమంది కావాలో మేస్త్రీకి తెలుసు. ఇక్కడ ఎవరింట్లో ఎన్ని చేతులున్నాయో కూడా మేస్త్రీకే తెలుసు. తలకింత అని పట్టుకుని మిగతాది కూలి ఇస్తాడు. "మేస్త్రీ లేకపోతే పని లేదు, మేస్త్రీ ఉంటే కూలి నిలవదు" అనేవాడు మా నాయన.

అయితే నాలుగో ఏడాది ఒక మార్పు వచ్చింది. మా నాయనవాళ్ళు పండుకాయ, పచ్చికాయ కలపకుండా, చెట్టు కొమ్మ విరవకుండా కోస్తారని ఆ రైతు మూడేళ్ళు చూశాడు. ఆ ఏడు మేస్త్రీతో పని లేకుండా మా ఊళ్ళో ఫోనున్న అంగడికే ఫోన్ చేసి, "మీరే పదిమందిని తీసుకుని రండి" అన్నాడు. మా నాయన పదిమందిని తీసుకెళ్ళాడు. ఎవరి దగ్గరా తలకింత అని పట్టుకోలేదు.

ఇందులో నాకు అర్థమైంది ఇది. మొదటి మూడేళ్ళూ మేస్త్రీ లేకుండా ఆ చేను మా నాయనకు తెలిసేదే కాదు. నాలుగో ఏడు మేస్త్రీ అవసరం తీరిపోయింది, ఎందుకంటే పని చూసిన కళ్ళు ఉన్నాయి. పరిచయం అంటే పేరు తెలియడం కాదు, పని తెలియడం.

తెలిసినవాళ్ళ తలుపు

ఇప్పుడు రెండో దారి సంగతి. "నెట్‌వర్కింగ్ చేయాలి బ్రదర్" అని ఆఫీసుల్లో అందరూ సలహా ఇస్తారు. నా పక్క సీటు అబ్బాయికి ఈ ప్రాజెక్టు అయిపోకముందే తర్వాతి ప్రాజెక్టు సిద్ధంగా ఉండేది. ఎలాగని చూస్తే, ఒకచోట వాళ్ళ బావ, ఒకచోట పిన్ని కొడుకు, ఇంకోచోట రెసిడెన్షియల్ కాలేజీలో రూమ్మేటు. అందులో తప్పేమీ లేదు. వాళ్ళు ఒకరినొకరు చిన్నప్పటినుంచి ఎరుగుదురు, అడిగితే పని చెప్పుకున్నారు. మా నాయన ఎరిగినవాళ్ళు మాత్రం మిరపచేలలో ఉన్నారు.

2011లో మా టీమ్ లీడరు గృహప్రవేశానికి వెళ్ళాను. అక్కడ ఒకాయన తన వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ కావాలని, నేరుగా చేసిపెట్టే కుర్రాడు కావాలని చెప్పాడు. అరగంట మాట్లాడుకున్నాం. నేను చెప్పిన పద్ధతి ఆయనకు నచ్చింది. తర్వాత మీదే ఊరన్నాడు, చెప్పాను. ఇంటిపేరు అడిగాడు, చెప్పాను. మీ ఇల్లు ఊళ్ళో ఎటువైపు అన్నాడు, అదీ చెప్పాను. "సరే, ఫోన్ చేస్తాను" అన్నాడు. ఆ ఫోన్ రాలేదు. కారణం అదేనని నేను రుజువు చేయలేను. ఈ సంచిక చదివేవాళ్ళకు ఇంతకంటే విప్పి చెప్పనక్కర్లేదు.

అందుకే పుట్టుకతో వచ్చే పరిచయాలను నమ్ముకోమని నేను తమ్ముళ్ళకు చెప్పలేను. అవి మనకు లేవు. మనం పనితో కట్టుకునే పరిచయాలు వేరు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజికవేత్త 1973లో దీనిమీద ఒక పేరున్న వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం మారినవాళ్ళను అడిగి చూశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ తెలిసిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళు సుమారు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళు దాదాపు 56 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు 28 శాతం. కారణం సులువుగా అర్థమయ్యేదే. దగ్గరి స్నేహితుడికి తెలిసిన సంగతులు మనకూ తెలిసే ఉంటాయి. దూరపు పరిచయస్తుడు వేరే లోకంలో తిరుగుతాడు కాబట్టి, మనం వినని కబురు అతని దగ్గర ఉంటుంది. బావలూ, బాబాయిలూ లేని మనకు ఇది మంచి కబురే.

నా విషయంలో ఆ దూరపు పరిచయస్తుడు మన హాస్టల్‌వాడే. నాకంటే మూడు బ్యాచ్‌లు చిన్న. హాస్టల్‌లో ఉన్నప్పుడు ఇద్దరం పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. 2013లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో కలిశాడు. ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియనుగా చేస్తున్నాడు. రిపోర్టులు ఒక్కొక్కటీ వర్డ్‌లో టైపు చేస్తున్నామని, ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతోందని, ఓనరు తలపట్టుకుంటున్నాడని చెప్పాడు. మరునాడే నన్ను ఓనరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నలభై ఐదు రోజుల్లో బిల్లింగు, రిపోర్టులు కలిపి ఒక ప్రోగ్రాము రాసిచ్చాను. 60 వేలు. మధ్యలో ఎవరూ లేరు. ఆ ఓనరు ఇంకో ఇద్దరికి చెప్పాడు, ఆ ఇద్దరిలో ఒకరు ఒక నర్సింగ్ హోముకు చెప్పారు. ఇవ్వాళ నేను చేసే పనిలో సగం ఆ బస్టాపులో మొదలైన దారంతో వచ్చిందే.

మొహమాటం ఖరీదు

అలాగని తెలిసినవాళ్ళ పనిలో కోత లేదనుకోకండి. అక్కడ కోసేది మేస్త్రీ కాదు, మొహమాటం. "మనవాడే కదా, ఈ ఒక్కటీ చేసిపెట్టు" అని మొదలవుతుంది. ఆ ఒక్కటి పది అవుతుంది. డబ్బు అడగాలంటే నోరు రాదు. పరిచయం చేసిన తమ్ముడికి చెడ్డపేరు వస్తుందేమోనన్న భయం. ల్యాబు పని మొదలుపెట్టే ముందు ఆ తమ్ముడే నాతో అన్నాడు: "అన్నా, మా సారు మంచోడే. అయినా కాగితం రాసుకో." రాసుకున్నాం. ఏం చేయాలి, ఏం చేయనక్కర్లేదు, మూడు విడతల్లో ఎప్పుడెంత ఇవ్వాలి, తర్వాత మార్పులకు వేరే ఎంత. ఒక పేజీ, అంతే. ఆ పేజీ ఉండబట్టే ఆయనతో నా స్నేహం ఇప్పటికీ నిలిచింది.

నేరుగా పని చేసేవాళ్ళు తెలుసుకోవలసిన చట్టం ఒకటుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదు చేసుకున్న చిన్న సంస్థకు పని చేయించుకున్నవాళ్ళు ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ఒక్క మనిషి చేసే పని కూడా సంస్థే. ఉద్యం అనే ఆ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. మన సేవల మీద వచ్చే మొత్తం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా కావాలి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మన పూర్వ విద్యార్థుల సంగతి వేరు. వాళ్ళు పక్కన ఫ్రీలాన్స్ పని చేయకూడదు. కానీ బెంచీ మీద ఉన్నప్పుడు కూడా వాళ్ళకు జీతం ఇవ్వాలని అక్కడి చట్టమే చెబుతోంది. ఇవ్వని యజమానిని అడగడానికి భయపడనక్కర్లేదు.

మరి ఏ దారి?

మొదటి రెండు మూడేళ్ళు కన్సల్టెన్సీ ద్వారానే వెళ్ళండి. కోత ఉంటుందని తెలిసే వెళ్ళండి. అది టికెట్టు డబ్బు అనుకోండి. కానీ ఆ సీట్లో కూర్చున్నన్నాళ్ళూ మీ పని నలుగురి కళ్ళలో పడేలా చూసుకోండి. పక్కనున్న టెస్టరు, డేటాబేసు చూసే ఆమె, బిల్లులు పాస్ చేసే గుమాస్తా, వీళ్ళంతా రేపు వేరేచోట ఉంటారు. వెళ్ళిపోయేటప్పుడు మీ ప్రోగ్రాము ఎలా నడుస్తుందో తర్వాతివాడికి అర్థమయ్యేలా రాసిపెట్టి వెళ్ళండి. ఆ నాలుగు పేజీలే మీ గురించి మాట్లాడతాయి. ఏడాదికి రెండుసార్లు పని అడగకుండా ఊరికే పలకరించండి. అవసరానికి మాత్రమే ఫోన్ చేసేవాణ్ణి ఎవరైనా రెండోసారికే గుర్తుపడతారు.

చెల్లెళ్ళకు ఒక మాట. రాత్రి తొమ్మిది దాటాక టీకొట్టు దగ్గర జరిగే పరిచయాలు మీకు అందవు. చాలా పనులు అక్కడే చేతులు మారతాయి. అందుకే మీకు రిక్రూటర్ దారి, ఆన్‌లైన్ దారి మాకంటే ఎక్కువ అవసరం. 2020లో కరోనా వచ్చాక ఇంటినుంచి పని చేయించుకోవడం కంపెనీలకు అలవాటైంది. ఆదోనిలో కూర్చుని బెంగళూరు పని చేస్తున్న మన చెల్లెలు ఒకామె ఉంది. ఆమె ముందు చేసిన పని చూసినవాళ్ళే ఆమెను పిలిచారు.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు కూడా వచ్చాయి. చిన్న ప్రోగ్రాము రాయగలను అని చెప్పుకుంటే ఇక సరిపోదు. ఈ మనిషి చెప్పిన రోజుకు ఇస్తాడు, తేడా వస్తే ఫోన్ ఎత్తుతాడు అన్న నమ్మకానికే రేపు ఎక్కువ ధర. ఆ నమ్మకం రెజ్యూమెలో రాస్తే రాదు, ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

అలా చూసి చెప్పే మనుషులు మనకు ఎక్కడున్నారని వెతకనక్కర్లేదు. ఈ హాస్టల్‌లో ఏటా ఒక బ్యాచ్ బయటికి వస్తోంది. ల్యాబుల్లో, బ్యాంకుల్లో, మండలాఫీసుల్లో, స్కూళ్ళలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మనవాళ్ళు ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే లోటు. అందుకని ఈ వార్షికోత్సవం నాడు ఒక రిజిస్టరు తెరుద్దామని పూర్వ విద్యార్థులను కోరుతున్నాను. పేరు, బ్యాచ్, ఊరు, చేసే పని, నేర్చుకున్నది, ఫోను. షరతులు మూడే. మనవాడని కాకుండా పని చూసిన తర్వాతే సిఫారసు చేయాలి. సిఫారసుకు ఎవరూ కమీషను తీసుకోకూడదు. పని లేకపోతే లేదని ఆ వారంలోనే చెప్పేయాలి, ఎదురుచూపుల్లో పెట్టకూడదు.

రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని వార్డెన్ గారికి ఇచ్చాను. మొదటి వరుసలో నా పేరు రాశాను. ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా నా ఫోను మీదే. రెజ్యూమె పంపేముందు, మీరు రాసిన ప్రోగ్రాము ఒకటి పంపండి. చిన్నదైనా ఫరవాలేదు, నడుస్తూ ఉండాలి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి